‘సేమ్ గేజీలు పంపుతాం’: ఒక ఆఫీసు మెయిలు, దాని మరమ్మతు

ఇది హైదరాబాదు బాలానగర్‌లోని ఒక మధ్యతరహా సంస్థలో జరిగిన పని. మందుల ఫ్యాక్టరీలకు కావలసిన యంత్రాలు తయారుచేసి విదేశాలకు పంపుతారు. అమ్మిన తరువాత వచ్చే ఫిర్యాదులు చూసే సర్వీసు విభాగంలో ఒక యువ ఉద్యోగిని ఉంది. తెలుగు మాధ్యమంలో చదువుకుని డిప్లొమా చేసింది, యంత్రం గురించి ఆమెకు తెలియనిది లేదు. ఉద్యోగులకు ఆఫీసు ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. ఆమె రాత సరిదిద్దమని నన్ను పిలిచారు. మేనేజరు రోగనిర్ధారణ కూడా తానే చేసి పెట్టారు: “ఆమెకు ఆర్టికల్స్ రావు మేడం. ‘ది’ ఎక్కడ పెట్టాలో నేర్పండి, చాలు.”

రుజువుగా ఒక మెయిలు చూపించారు. ఐర్లండ్‌లోని కొనుగోలుదారుకు వెళ్ళినది. వివరాలు గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను గానీ వాక్యాల తీరు ఇదే:

“బోత్ గేజెస్ ఆర్ హ్యావింగ్ సేమ్ ప్రాబ్లమ్. వుయ్ విల్ సెండ్ సేమ్ గేజెస్ నెక్స్ట్ వీక్. ప్లీజ్ చెక్ ది సర్టిఫికేట్స్ అండ్ ది షిప్పింగ్ అడ్రస్ అండ్ కన్ఫర్మ్ ది సేమ్.”

మూడు వాక్యాలు, మూడు ‘సేమ్’లు. మూడింటికీ అర్థం వేరు. మేనేజరు కంటికి కనబడింది మొదటి రెండింటి ముందు ‘ది’ లేకపోవడం ఒక్కటే. నిజానికి నష్టం తెచ్చింది రెండో వాక్యం. దానికి ‘ది’ తగిలించి ఉంటే వ్యాకరణం కుదిరేది, నష్టం మాత్రం ఇంకా ఖాయమయ్యేది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ గేజీల సంగతి చెప్పాలి.

అవి ఆటోక్లేవ్ మీద బిగించే ప్రెషర్ గేజీలు, అంటే ఒత్తిడి కొలిచే పరికరాలు. ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం ఆటోక్లేవ్. లోపల 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేజీ సుమారు 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపాలి. ముల్లు కొంచెం అటూఇటూ అయితే యంత్రం పని ఆగదు గానీ, ఆ యంత్రంలోంచి వచ్చిన సరుకు శుభ్రమైనదని కాగితం మీద నిరూపించడం కష్టమవుతుంది. అందుకే ప్రతి గేజీకీ క్యాలిబ్రేషన్ సర్టిఫికేట్ ఉంటుంది, అంటే గేజీ ఎంత సరిగ్గా చూపుతోందో ప్రామాణిక పరికరంతో పోల్చి చూసి ఇచ్చిన కాగితం. క్యాలిబ్రేషన్ ప్రయోగశాలలు పాటించే ఐఎస్ఓ/ఐఈసీ 17025 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ఏ వస్తువును పరీక్షించారో ఆ సర్టిఫికేట్‌లో సందేహానికి తావు లేకుండా గుర్తించాలి. ఆచరణలో అంటే సీరియల్ నంబరు. అదే కంపెనీ, అదే మోడల్, అదే రేంజ్ (కొలవగల ఒత్తిడి పరిధి) అయినా, నంబరు మారితే ఆ సర్టిఫికేట్ ఆ గేజీది కాదు.

కొనుగోలుదారు రెండు గేజీలు తిప్పి పంపారు. ఇక్కడ విప్పి చూశారు. బాగుచేయడం కంటే కొత్తవి పంపడం మేలనుకున్నారు. ‘సేమ్ గేజెస్’ పంపుతామని మన ఉద్యోగిని రాసింది. అటువైపు నాణ్యతా విభాగం ఏమనుకుంది? తమ గేజీలే బాగై తిరిగి వస్తున్నాయనుకుంది. పాత సీరియల్ నంబర్ల మీదే రికార్డు తెరిచి ఉంచింది. పెట్టె విప్పితే వేరే నంబర్లు. స్టోరు వాళ్ళు సరుకు తీసుకోలేదు. ఆపైన వివరణలు, ఫోన్లు, కొత్త ఫారాలు. చివరికి అన్నీ సర్దుకున్నాయి గానీ, ‘మీరు పంపుతానన్నది ఒకటి, పంపింది ఇంకొకటి’ అన్న మాట ఫైల్లో మిగిలిపోయింది. మేనేజరుకు గుచ్చుకున్నది ఆ మాట.

నేను ఆమె పాత మెయిళ్ళు కొన్ని అచ్చు తీయించి, ‘సేమ్’ ఉన్న చోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. కాగితాలు ఎర్రబడ్డాయి. ఆ తరువాత వ్యాకరణం ఊసెత్తకుండా, ఇక్కడ మీ మనసులో ఉన్నది తెలుగులో చెప్పండి అన్నాను.

మొదటిదానికి ఆలోచించనే లేదు. “రెండింట్లోనూ ఒకే లోపం ఉందని మేడం.”

రెండోది? “అలాంటివే కొత్తవి పంపుతామని.”

మూడోది? ఇక్కడ ఆగింది. కాగితం దగ్గరికి లాక్కుని మళ్ళీ చదివింది. “అడ్రసు సరిగ్గా ఉందో లేదో చెప్పమని... కాదు, సర్టిఫికేట్లు కూడా చూడమన్నాను కదా... రెండూ అనుకోండి మేడం.” కాసేపాగి, “సార్ మెయిళ్ళలో చివర ఎప్పుడూ అలాగే ఉంటుంది, అందుకని పెట్టాను” అంది.

నాకు కావలసినదంతా ఆ మూడు జవాబుల్లో ఉంది. మొదటి రెండు చోట్ల ఆమె ఆలోచనలో మసక లేదు. ‘ఒకే’, ‘అలాంటివే’ అని తెలుగులో విడివిడిగా ఉన్న రెండు సంగతులు ఇంగ్లీషులోకి దిగేటప్పుడు ఒక్క ‘సేమ్’లోకి దూరి కలిసిపోయాయి. మూడోచోట తెలుగులోనే ఏమీ లేదు. అది ఆలోచన కాదు, పైవాళ్ళ నుంచి వచ్చిన అలవాటు. చిత్రమేమిటంటే, ‘ది’ సరిగ్గా పడింది అక్కడే.

తెలుగులో ‘ఒకే’కు పక్కనే ‘అదే’ కూడా ఉంది, ఆ రెండింటి తేడా కొంచెం నిలబడి చూడదగ్గది. ‘గేజీలో అదే లోపం’ అంటే ఇంతకుముందు చెప్పుకున్న లోపమే, మళ్ళీ వచ్చిందని. ‘గేజీల్లో ఒకే లోపం’ అంటే ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసే లోపమని. మొదటిది వెనక్కి చూస్తుంది, రెండోది పక్కకి చూస్తుంది. ఇంగ్లీషు ‘సేమ్’ రెండు పనులూ చేస్తుంది, ఏది చేస్తున్నదో చెప్పదు. ‘బోత్ గేజెస్ హ్యావ్ ది సేమ్ ప్రాబ్లమ్’ అన్న నిర్దోషమైన వాక్యం చదివిన ఐర్లండ్ ఇంజనీరు, పోయినసారి మనం మాట్లాడుకున్న లోపమేనా, లేక రెండింటికీ కలిపి ఏదో కొత్త లోపమా అని అడిగితే తప్పు పట్టలేం. అడిగారు కూడా. ఆ జవాబు మెయిల్లో మొదటి ప్రశ్న ‘సేమ్ యాజ్ వాట్?’ అన్నదే. అది వెటకారమని మేనేజరు అనుకున్నారు. నాకు అది చాలా సబబైన ప్రశ్నగా కనిపించింది.

ఇక మూడో అర్థం, ‘అలాంటిదే’. ఇది వస్తువు గురించి కాదు, రకం గురించి. తత్వశాస్త్రం చదివినవాళ్ళు ఈ తేడా మీద పుస్తకాలకు పుస్తకాలు రాశారు. ఆఫీసులో మనకు అంత అక్కర్లేదు. ‘ఆ వస్తువేనా, ఆ రకమా?’ అన్న ప్రశ్న చాలు. మామూలు మాటల్లో సందర్భమే జవాబు చెబుతుంది. ఇద్దరు పిల్లలు సేమ్ యూనిఫాం వేసుకున్నారంటే ఇద్దరూ ఒకే చొక్కాలో దూరారని ఎవరూ అనుకోరు. ఇద్దరూ సేమ్ బస్సులో వచ్చారంటే మాత్రం బస్సు ఒక్కటే. ఇబ్బంది రెండూ సాధ్యమైన చోట వస్తుంది. గేజీ విషయంలో బాగుచేసి పంపడమూ సాధ్యమే, కొత్తది పంపడమూ సాధ్యమే. అక్కడ ‘సేమ్’ ఒంటరిగా నిలబడలేదు. పైగా ముందు ‘ది’ పెడితే, ‘మీరు పంపిన ఆ గేజీలే’ అన్న అర్థం వైపు ఇంకా బలంగా మొగ్గుతుంది. మేనేజరు సూచించిన మందు వేసి ఉంటే రోగం ముదిరేదని నేనన్నది ఇందుకే.

తెలుగు గొప్పదనం చాటడానికి ఇదంతా చెప్పడం లేదు. మనమూ ‘నా దగ్గరా అదే ఫోను ఉంది’ అంటాం, మోడల్ ఒకటేనన్న అర్థంలో. ‘ఒకటే’ సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘ఒకటే ఉంది’ అంటే ఇంకోటి లేదని, ‘రెండూ ఒకటే’ అంటే తేడా లేదని, ‘ఒకటే వాన’ అంటే తెరిపి లేదని. అయినా, ఇంగ్లీషులో రాయబోయే ముందు ‘అదేనా, ఒకేనా, అలాంటిదేనా’ అని తనను తాను అడుగుకునే వీలు తెలుగువారికి ఉంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి ఆ విభజన అంత సులువుగా చేతికి దొరకదు. సగటు స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలో ‘తెలుగులో ఆలోచించకండి’ అని మొదటిరోజే చెబుతారు. ఈ మాట విషయంలో నేను అందుకు పూర్తిగా విరుద్ధం.

అభ్యాసం కూడా అలాగే సాగింది. ఎర్ర సున్నాలున్న ప్రతి వాక్యం పక్కన ఆమె ఆ మూడింట్లో ఒకటి రాయాలి. ఏదీ తేలకపోతే గీత గీసి వదిలేయాలి. తరువాత దాన్ని బట్టి ఇంగ్లీషు తిరగరాయాలి. ‘అదే’ అయితే ఎప్పటిది, ఏ మెయిల్లోది అన్నది చేర్చాలి. ‘ఒకే’ అయితే దేనికీ దేనికీ మధ్య అన్నది చేర్చాలి. ‘అలాంటిదే’ అయితే దేనిలో సాటి అన్నది చేర్చాలి: మోడలా, రేంజా, ధరా. గీత గీసిన చోట ‘సేమ్’ కొట్టేసి, చెప్పదలచుకున్న నామవాచకాన్ని మళ్ళీ రాయాలి.

అసలు మెయిలు రెండో వాక్యం చివరికి ఇలా తేలింది: “వుయ్ విల్ సెండ్ టూ న్యూ గేజెస్ ఆఫ్ ది సేమ్ మోడల్ అండ్ రేంజ్. ది సీరియల్ నంబర్స్ విల్ బీ డిఫరెంట్.” చివరి వాక్యం ఆమె సొంతంగా చేర్చింది. నేను అడగలేదు. ఐర్లండ్ వారికి నిజంగా కావలసిన వాక్యం అదే.

‘ది’ గురించి మేనేజరుకు ఇచ్చిన మాట ఉంది కదా. దానికి వేరే పాఠం పెట్టలేదు. ‘అదే’ అన్న మాటలో మొదటి ‘అ’ ఏమి చేస్తోందో చూడమన్నాను. ఆ పుస్తకం, అక్కడ, అప్పుడు అన్నట్టు, అది వేలు పెట్టి చూపిస్తుంది. ‘సేమ్’ ముందు ‘ది’ చేసే పని కూడా అదే. ‘అ సేమ్’ అని ఇంగ్లీషులో ఎవరూ అనరు, ఎందుకంటే వేలు పెట్టి చూపకుండా ‘అదే’ అనడం కుదరదు. ‘దిస్ సేమ్’, ‘దోజ్ సేమ్’ మాత్రం కుదురుతాయి, అవీ చూపించే మాటలే కనుక. ఆమె ‘ది’ మరిచిపోయిన చోట్లు చాలావరకు మనసులో ‘ఒకే’ ఉన్న చోట్లని కాగితాలు చూస్తే తేలింది. ‘ఒకే’లో చూపించే అక్షరం లేదు మరి. ఈ సంగతి తెలిశాక ‘ది’ పెట్టడం ఆమెకు నియమంగా కాక అలవాటుగా వచ్చింది. ‘సేమ్ హియర్’, ‘సేమ్ డే డెలివరీ’ లాంటి చోట్ల ‘ది’ ఉండదు. వాటిని ఉన్నవి ఉన్నట్టు గుర్తుపెట్టుకోవడమే.

‘సేమ్ లైక్’ అంత సులువుగా వదల్లేదు. ‘మీలాగే’, ‘దానిలాగే’ అనుకుంటూ రాస్తే ‘లైక్’ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషులో ‘సేమ్’కు జోడీ ‘యాజ్’. రాతలో దీన్ని పట్టుకోవడం నేర్చుకుంది. మాటలో ఇప్పటికీ జారుతుంది. ‘సేమ్ టు సేమ్’ కూడా మానలేదు, దాన్ని నేనూ మాన్పించలేదు. ఫోన్లో పుణె ఇంజనీరుతో మాట్లాడేటప్పుడు అందులో తప్పేమీ లేదు, ఇద్దరికీ అర్థమయ్యే మాట. మెయిల్లోకి రాకుంటే చాలు.

అసలు పేచీ మూడో వాక్యం దగ్గర వచ్చింది. ‘కన్ఫర్మ్ ది సేమ్’ ఆ సంస్థలో అందరూ రాస్తారు. తప్పని నేనంటే మేనేజరు ఒప్పుకోరు. నిజానికి తప్పు కాదు కూడా. ‘ది సేమ్’ను సర్వనామంగా వాడడం మన గుమాస్తాలు కనిపెట్టింది కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో 113వ కీర్తన, సూర్యుడు ఉదయించే చోటు నుంచి ‘ది గోయింగ్ డౌన్ ఆఫ్ ది సేమ్’ వరకు అంటుంది. అక్కడ ‘ది సేమ్’ అంటే సూర్యుడు. వాక్యంలో ఉన్నది సూర్యుడొక్కడే కనుక ఏ గొడవా లేదు. తెలుగు బైబిల్లో ఆ చోట ‘సూర్యోదయము మొదలుకొని సూర్యాస్తమయము వరకు’ అని ఉంటుంది. సర్వనామం లేదు, సూర్యుడి పేరే రెండోసారి వచ్చింది. నేను ఆమెకు చెప్పిన చికిత్స కూడా సరిగ్గా ఇదే, నామవాచకాన్ని మళ్ళీ రాయమని.

మేనేజరుతో మాత్రం బైబిలు ఊసెత్తలేదు, దస్తావేజు ఊసెత్తాను. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో ‘సదరు’ అన్న మాట ఉంది. అరబీలో పుట్టి హిందూస్తానీ మీదుగా మన దఫ్తరుల్లోకి వచ్చి స్థిరపడిన మాట. అదీ వెనక్కి చూపే మాటే, ఒక రకంగా మన ‘ది సేమ్’. కానీ దస్తావేజు లేఖరి ‘సదరు’ను ఒంటరిగా వదలడు. సదరు భూమి, సదరు వ్యక్తి, సదరు మొత్తం. పక్కన నామవాచకం లేకుండా ‘సదరును అమ్మితిని’ అని రాస్తే ఇల్లు అమ్మినట్టా, ఇంటి ముందు చెట్టు అమ్మినట్టా? ఇంగ్లీషు ‘ది సేమ్’కు ఆ కాపలా లేదు. ముందు వాక్యంలో సర్టిఫికేట్లు, చిరునామా రెండూ ఉంటే, చదివేవాడు తనకు తోచినదానికి జవాబిచ్చి ఊరుకుంటాడు. ఐర్లండ్ నుంచి వచ్చిన జవాబులో చిరునామా సరేనన్నారు. సర్టిఫికేట్ల గురించి ఒక్క మాట లేదు. అంటే, సీరియల్ నంబర్ల పొరపాటు సరుకు బయలుదేరకముందే బయటపడే అవకాశం ఆ వాక్యం దగ్గరే జారిపోయింది.

ఆయన కాసేపు ఆలోచించి, విభాగం నమూనా మెయిళ్ళలో ఆ వాక్యం మార్చడానికి ఒప్పుకున్నారు. ఏది నిర్ధారించాలో ఆ వస్తువు పేరే రాయాలని, రెండుంటే రెండు వరసల్లో రాయాలని నిర్ణయమైంది. ఒప్పందాల జోలికి పోవద్దన్నాను. అక్కడి ‘ది సేమ్’లు న్యాయవాదులు చూసుకుంటారు.

పాఠం మధ్యలో ఆమె ఒక మంచి ప్రశ్న వేసింది: “మన ‘సమం’, ఇంగ్లీషు ‘సేమ్’ ఒకటేనా మేడం?” చుట్టాలే. పాత ఇంగ్లీషులో ఈ అర్థానికి ‘ఇల్క’ అనే వేరే మాట ఉండేది. వైకింగులు ఇంగ్లండులో స్థిరపడ్డాక వారి నార్స్ భాష నుంచి ‘సేమ్’ వచ్చి దాని చోటు ఆక్రమించింది. ‘ఇల్క్’ ఇప్పుడు ‘ఆ బాపతు’ అనే అర్థంలో అక్కడక్కడ మిగిలింది. ఆ నార్స్ మాట, సంస్కృతం ‘సమ’, గ్రీకు ‘హోమోస్’ ఒకే మూలం నుంచి వచ్చినవి. కానీ చుట్టరికాన్ని నమ్మి అర్థం తీయకూడదు. మన ‘సమానం’ కొలతకూ, హోదాకూ వాడే మాట. దానికి ఇంగ్లీషులో ‘ఈక్వల్’ ఉంది. రెండు గేజీల రీడింగులు సమానం కావచ్చు, అంతమాత్రాన గేజీ ఒకటి కాదు.

పని ముగిసే సమయానికి ఆమె మెయిళ్ళు కాస్త పొడుగయ్యాయి. ‘ఇంత రాయాలా’ అని మేనేజరు ఒకటి రెండుసార్లు విసుక్కున్నారు. అటునుంచి వచ్చే ప్రశ్నలు తగ్గాయని ఆయనే తరువాత చెప్పారు. దాన్ని లెక్క కట్టలేదు కనుక అంతకంటే గట్టిగా నేనేమీ అనను.

కొత్త చిక్కులూ వచ్చాయి. ‘సేమ్’ అంటే భయం పట్టుకుని కొన్నాళ్ళు ప్రతిచోటా ‘ఐడెంటికల్’ రాసింది. ఇది మరీ ప్రమాదం. ‘ఐడెంటికల్’ అంటే ఏ అంశంలోనూ తేడా లేదని హామీ ఇచ్చినట్టు. కొత్త గేజీ డయలు రంగు మారినా అవతలివాళ్ళు పట్టుకుంటారు. ‘సిమిలర్’ అందామంటే అది పోలిక ఉందని మాత్రమే చెబుతుంది, విడిభాగాల వ్యవహారంలో దానికి విలువ లేదు. తిరిగి తిరిగి ‘ఆఫ్ ది సేమ్ మోడల్’ దగ్గరికే వచ్చాం. దేనిలో సాటో చెప్పేస్తే ‘సేమ్’ అంత భద్రమైన మాట ఇంకొకటి లేదు.

రెండోది వ్యాకరణం అసలే పట్టుకోలేని చిక్కు. తరువాతి సరుకు విమానంలో పంపమంటారా, ఓడలోనా అని వీరే అడిగారు. మీకేది వీలని ఐర్లండ్ వారు మర్యాదగా తిరిగి అడిగారు. ‘మాకు ఏదైనా ఒకటే’ అనుకుని ఆమె ‘ఇట్ ఈజ్ ఆల్ ది సేమ్ టు అజ్’ అని రాసింది. ‘ది’ ఉంది, అర్థం సరిపోయింది, నుడికారం కూడా అచ్చంగా ఇంగ్లీషుదే. పంపే ముందు నాకు చూపించింది. ఈ వాక్యాన్ని తెలుగులో మీ మేనేజరు గారికి ముఖాన చెప్పగలరా అన్నాను. నవ్వేసింది. ‘నాకు ఏదైనా ఒకటే’ అన్నది చెప్పే గొంతును బట్టి సర్దుబాటూ అవుతుంది, నిర్లక్ష్యమూ అవుతుంది. మెయిలుకు గొంతు లేదు. దాన్ని కొట్టేసి, రెండింట్లో ఏదైనా మాకు సమ్మతమే, మీకు తొందరగా కావాలంటే విమానంలో పంపుతాం, ఖర్చు తేడా ఇంత అని రాసింది. వాళ్ళు ఓడ ఎంచుకున్నారు.